వజ్రాల కంపెనీ వెళ్లిపోయాక మిగిలిన ఇళ్లు: క్లైన్‌జీలో సెలవుల అద్దె వెనక అసలు లెక్క

కేప్‌టౌన్ నుంచి ఎన్7 హైవే మీద ఉత్తరంగా సుమారు 560 కిలోమీటర్లు పోతే స్ప్రింగ్‌బాక్ వస్తుంది. అక్కడ ఎడమకి తిరిగి సముద్రం వైపు ఇంకో వంద కిలోమీటర్ల చిల్లర పోతే క్లైన్‌జీ. దక్షిణాఫ్రికాలో సెలవులకి ఇల్లు వెతికేవాళ్లకి, ముఖ్యంగా ఆగస్టు, సెప్టెంబరు నెలల పూల సీజన్‌లో, ఈ పేరు తగులుతూ ఉంటుంది. మూడు బెడ్‌రూముల ఇల్లు, గ్యారేజీ, పెరట్లో మాంసం కాల్చుకోవడానికి వాళ్లు బ్రాయ్ అనే పొయ్యి, నడిచి వెళ్లేంత దూరంలో అట్లాంటిక్ సముద్రం. అద్దె చూస్తే కేప్‌టౌన్ బీచ్‌ల దగ్గర అడిగేదానికి పోలికే ఉండదు. ఇంత ఇల్లు ఇంత తక్కువకి ఎలా ఇస్తున్నారు, ఏదో మతలబు ఉండే ఉంటుంది అనిపించడం సహజం.

మతలబు ఉంది, కానీ మోసం కాదు. ఈ ఇళ్లు టూరిస్టుల కోసం కట్టినవి కావు, అసలు అమ్మడానికి కట్టినవి కూడా కావు. డి బీర్స్ వజ్రాల కంపెనీ తన ఉద్యోగుల కోసం కట్టిన క్వార్టర్లు ఇవి. గని మూతపడింది, ఉద్యోగులు వెళ్లిపోయారు, ఇళ్లు మిగిలాయి. అంతవరకు అందరికీ అర్థమయ్యే కథే. ఆ మిగిలిన ఇల్లు హాలిడే హోమ్‌గా మారడానికి మధ్యలో ఎన్ని చిక్కుముడులు పడ్డాయి, ఇప్పటికీ ఎన్ని విప్పుకోలేదు అన్నది మాత్రం రూము బుక్ చేసుకునేవాళ్లకి ఎవరూ చెప్పరు. నా ఉద్దేశం ఒక్కటే: ఆ ఊళ్లో అద్దె చౌకగా ఉండటానికీ, ఆ తీరం అంత నిర్మానుష్యంగా ఉండటానికీ, ఇప్పటికీ కొన్ని దారుల్లో గేట్లు ఉండటానికీ కారణం ఒకటే. దాన్ని వదిలేసి బీచ్ ఫొటోలు మాత్రమే చూస్తే ఊరు సగమే అర్థమవుతుంది.

మొదట వజ్రాలు అక్కడికి ఎలా వచ్చాయో చూద్దాం. క్లైన్‌జీ ఉన్న ఈ నమక్వాలాండ్ తీరంలో వజ్రం పుట్టలేదు. లోపల, ఖండం నడిమధ్యన, భూమి లోతుల్లో పుట్టి, కింబర్‌లైట్ అనే అగ్నిపర్వత శిల గొట్టాల వెంట పైకి తన్నుకొచ్చింది. కోట్ల ఏళ్లు వానలు ఆ కొండల్ని అరగదీశాయి, ఆరెంజ్ నది, దానికంటే పాత నదులు కొన్ని ఆ మట్టినీ రాళ్లనీ మోసుకొచ్చి అట్లాంటిక్‌లో పోశాయి, అలలు వాటిని తీరం వెంబడి పరిచాయి. సముద్రమట్టం పెరుగుతూ తగ్గుతూ ఉండటంతో ఒకప్పటి బీచ్‌లు ఇప్పుడు ఒడ్డుకి ఎగువన, ఇసుక కింద మెట్లు మెట్లుగా ఉండిపోయాయి. ఇంకో ముచ్చట ఏంటంటే, పగుళ్లున్న రాయి అంత దూరం దొర్లేలోపు దారిలోనే పగిలిపోతుంది. కాబట్టి తీరానికి చేరిన వజ్రాల్లో ఎక్కువ శాతం నగలకి పనికొచ్చే మేలు రకం. కంపెనీలు ఈ ఎడారి తీరం కోసం ప్రాణం పెట్టింది అందుకే.

1925లో జాక్ కార్స్టెన్స్ అనే ఆయనకి ఇదే తీరంలోని పోర్ట్ నోలత్ దగ్గర వజ్రం దొరికింది. ఆ వెంటనే క్లైన్‌జీ దగ్గర, దాని తర్వాత ఇంకా ఉత్తరాన ఆరెంజ్ నది ముఖద్వారం దగ్గర అలెగ్జాండర్ బేలో నిక్షేపాలు బయటపడ్డాయి. ఎవడు పడితే వాడు పార పట్టుకుని పరిగెత్తుకొస్తాడని ప్రభుత్వానికి భయం పట్టుకుంది. వజ్రాలు మార్కెట్లోకి కుప్పలుగా వచ్చి పడితే ధర పడిపోతుందని కంపెనీలకి అంతకంటే ఎక్కువ భయం. 1927లో చట్టం తెచ్చి మామూలు జనం వెతుకులాటకి తలుపులు మూసేశారు. అలెగ్జాండర్ బే ప్రభుత్వ గని అయింది, క్లైన్‌జీ డి బీర్స్ చేతికొచ్చింది.

మన కర్నూలు జిల్లాలో జొన్నగిరి, తుగ్గలి చుట్టుపక్కల సంగతి తెలిసిందే. తొలకరి పడగానే జనం ఊళ్లకి ఊళ్లు తరలొచ్చి చేలల్లో తలొంచుకుని రాళ్లు వెతుకుతారు, దొరికినవాడి దగ్గర వ్యాపారులు అక్కడికక్కడే బేరమాడతారు. అదే రాయి క్లైన్‌జీలో కాలికి తగిలి, వంగి తీసి జేబులో వేసుకుంటే జైలు. ఇది పాత ముచ్చట కూడా కాదు. సానపట్టని వజ్రం లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకోవడం దక్షిణాఫ్రికాలో 1986 వజ్రాల చట్టం ప్రకారం ఇప్పటికీ నేరమే. బీచ్‌లో మెరిసే గులకరాయి కనబడితే ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి.

దాచుకోవడం ఇంత తేలికైన సరుకుకి కాపలా ఎలా? కంపెనీ దగ్గర ఉన్న జవాబు ఒక్కటే, మొత్తం ఊరినే తాళం వేసెయ్యడం. క్లైన్‌జీకి బయటివాళ్లు రావాలంటే పర్మిట్ ఉండాలి, బంధువు చూడ్డానికి వచ్చినా సరే. గని ప్రాంతంలోంచి బయటికొచ్చే ప్రతి మనిషినీ సోదా చేసేవారు. తర్వాతి రోజుల్లో ఎక్స్‌రే యంత్రాలు వచ్చాయి. దొంగిలించిన రాయి మింగినవాడిని పట్టుకోవడానికి, రోజూ తీసినా ప్రమాదం లేనంత తక్కువ మోతాదులో ఒళ్లంతా ఎక్స్‌రే తీసే స్కానెక్స్ అనే యంత్రాన్ని డి బీర్స్ తయారు చేయించింది. అదే యంత్రం తర్వాత లోడాక్స్ అన్న పేరుతో ఆసుపత్రులకి వెళ్లింది. యాక్సిడెంట్ కేసు రాగానే పదమూడు సెకన్లలో తల నుంచి పాదం దాకా బొమ్మ తీసే మిషను అది, కేప్‌టౌన్‌లోని గ్రూట్ షూర్ ఆసుపత్రి ట్రామా విభాగంలో ఎంతోమందికి పనికొచ్చింది. కూలీవాడి పొట్టలో వజ్రం వెతకడానికి పుట్టిన తెలివి ప్రాణాలు కాపాడటానికి వాడకంలోకి రావడం బాగానే ఉంది గానీ, పుట్టుక మాత్రం అనుమానంలోంచే. ఇక పావురాల గొడవ ఉండనే ఉంది. ఇంటి దారి తెలిసిన పావురాన్ని టిఫిన్ డబ్బాలో గనిలోకి తీసుకెళ్లి, కాలికో రొమ్ముకో రాళ్లు కట్టి ఎగరేసేవాళ్లు. కొందరు అత్యాశకి పోయి బరువెక్కువ కడితే అది ఎగరలేక బీచ్‌లోనే దిగబడి పట్టుబడిపోయేది. దాంతో ఆ తీరం గని ఊళ్లలో పావురాలు పెంచడాన్నే నిషేధించారు.

గనిలోకి వెళ్లిన యంత్రం కూడా అంత తేలిగ్గా బయటికి వచ్చేది కాదు. లారీ ఇంజన్ లోపల ఏం దాచారో ఎవడు విప్పి చూస్తాడు? కాబట్టి పాడైన బండ్లు, బుల్‌డోజర్లు అక్కడే తుప్పు పట్టేవి.

తాళం వేసిన ఊళ్లో జీవితం మాత్రం సుఖంగానే ఉండేది, కనీసం కొందరికి. ఇల్లు కంపెనీది, నీళ్లు, కరెంటు కంపెనీవి. బడి, ఆసుపత్రి, క్లబ్బు, గోల్ఫ్ కోర్సు, మైదానాలు కూడా కంపెనీవే. కొత్తగూడెంలోనో మందమర్రిలోనో సింగరేణి క్వార్టర్‌లో పెరిగినవాళ్లకి ఈ బతుకు విడమర్చి చెప్పక్కర్లేదు, కుళాయి లీకైతే కంపెనీకి చెప్పడం, రిటైరయ్యే రోజు దగ్గర పడుతుంటే ఎక్కడికి పోవాలో టెన్షన్ పడటం. క్లైన్‌జీలో దీనికి తోడు వర్ణవివక్ష. పెరడున్న ఇళ్లు కుటుంబాలతో వచ్చిన తెల్ల ఉద్యోగులకి. దూరప్రాంతాల నుంచి కాంట్రాక్టు మీద తెచ్చిన నల్లజాతి కార్మికులు భార్యాపిల్లల్ని ఊళ్లో వదిలేసి హాస్టళ్లలో ఉండేవారు. ఇప్పుడు మనకి అద్దెకి వచ్చే మూడు బెడ్‌రూముల ఇల్లు ఆ మొదటి రకంది. పాత ఫొటోల్లో గోల్ఫ్ ఆడుతున్న కుటుంబాలు కనబడతాయి కదా, ఇసుక ఊడ్చినవాళ్ల హాస్టల్ ఎక్కడుండేదో కూడా ఇంటివాళ్లని అడగండి, తెలిసినవాళ్లు చెబుతారు.

ఇసుక ఊడ్చడం అంటే ఊరికే అన్న మాట కాదు. పదుల మీటర్ల మందాన ఇసుకని యంత్రాలతో తోడేసి, అడుగున రాతి నేల బయటపడ్డాక, ఆ బండల సందుల్లో ఇరుక్కున్న కంకరలోనే వజ్రాలు ఎక్కువగా ఉండేవి. అక్కడికి పెద్ద యంత్రం పనికిరాదు. మనుషులు చీపుళ్లు, చిన్న పారలు పట్టుకుని, తర్వాత్తర్వాత వాక్యూమ్ గొట్టాలతో, ఒక్కో పగులూ శుభ్రం చేసేవారు.

ఇక మూత. వజ్రాలు తరిగిపోతూ వచ్చాయి, మిగిలినవాటిని తీయడానికి ఖర్చు పెరిగింది, 2000 తర్వాత కంపెనీ మెల్లగా మనుషుల్ని తగ్గించుకుంటూ పోయింది, 2008–09 ఆర్థిక మాంద్యం వచ్చేసరికి పని దాదాపుగా ఆగింది. నమక్వాలాండ్ గనుల్ని ట్రాన్స్ హెక్స్ అనే కంపెనీకి 22.5 కోట్ల రాండ్లకి (రాండ్ అంటే దక్షిణాఫ్రికా కరెన్సీ) అమ్మడానికి డి బీర్స్ 2011లో ఒప్పందం చేసుకుంది. అనుమతులన్నీ వచ్చి అది పూర్తవడానికి 2014 పట్టింది. వేలల్లో ఉన్న జనం వెయ్యి లోపుకి పడిపోయారు.

ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. గనిని అమ్మడం ఒక పని, ఊరిని వదిలించుకోవడం ఇంకో పని. చట్టం దృష్టిలో క్లైన్‌జీ అన్నాళ్లూ ఊరే కాదు, ఒక కంపెనీ స్థలంలో కట్టిన కట్టడాలు. ఇళ్లు విడివిడిగా అమ్మాలంటే ముందు సర్వే చేసి ప్లాట్లుగా విడగొట్టాలి, ఒక్కోదానికి పత్రం పుట్టించాలి, రోడ్లు, డ్రైనేజీ, వీధి దీపాలు ఎవరివో తేల్చాలి, వాటి బాధ్యత స్థానిక మున్సిపాలిటీకి అప్పజెప్పాలి. ఇక్కడి మున్సిపాలిటీ పేరు నామా ఖోయి, కేంద్రం స్ప్రింగ్‌బాక్. అంటే వంద కిలోమీటర్ల అవతల ఉన్న, పెద్దగా ఆదాయం లేని మున్సిపాలిటీ, వజ్రాల కంపెనీ తన లాభాల్లోంచి నడిపిన ఊరి బరువుని తలకెత్తుకోవాలి. గోల్ఫ్ కోర్సుకి నీళ్లు పెట్టడం సంగతి సరే, ముందు కుళాయికి నీళ్లు రావాలి కదా.

ఆ నీళ్ల కథ ఒక్కటి తెలిస్తే చాలు. క్లైన్‌జీలో వాన అతి తక్కువ. ఊరి పక్కన బఫెల్స్ నది ఉందని మ్యాపులో కనబడుతుంది గానీ, ఏడాదిలో ఎక్కువ రోజులు అది ఇసుక. తాగునీరు వచ్చేది ఆరెంజ్ నది నుంచి, గనుల కోసం వేసిన పైపులైన్‌లో, వందకి పైగా కిలోమీటర్లు ఎడారి దాటుకుని, దారిలో స్ప్రింగ్‌బాక్‌నీ చుట్టుపక్కల రాగి గనుల ఊళ్లనీ తడుపుకుంటూ. అంత పొడవు పైపు పాతబడితే ఎక్కడో ఒకచోట పగులుతుంది. కాబట్టి అద్దె ఇంట్లో స్నానానికి షవర్ తిప్పేటప్పుడు, బయట ట్యాంకు ఉందా లేదా అన్న సంగతి ముందే అడిగి పెట్టుకోవడం మంచిది.

మన దగ్గర కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాక, అక్కడ పనిచేసిన తెలుగు, తమిళ కుటుంబాలు ఎన్నేళ్లు క్వార్టర్లు మాకు రాసివ్వండి అని తిరిగాయో గుర్తుచేసుకుంటే, క్లైన్‌జీలో జరిగింది ఒక రకంగా నయమే. ఇళ్లు అమ్మకానికైనా వచ్చాయి. కానీ ఎవరు కొన్నారు? ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఆ ఊరి మీద మమకారం వదల్లేని పాత ఉద్యోగులు కొందరు. సముద్రం ఒడ్డున ఒక ఇల్లుంటే బాగుంటుంది అనుకున్న లోపలి ప్రాంతాల రైతులు, రిటైరైనవాళ్లు. చవగ్గా దొరుకుతోంది కదా అని దూరం నుంచి కొని పెట్టుకున్నవాళ్లు. చివరి రెండు రకాల్లో చాలామంది ఏడాది పొడుగునా అక్కడ ఉండరు. ఉండకపోతే సముద్రపు ఉప్పుగాలికి ఇల్లు పాడవుతుంది, ఇనుము ఏదైనా కళ్లముందే తుప్పు పడుతుంది. అద్దెకిస్తే కనీసం రిపేర్ల ఖర్చు వస్తుంది, ఎవరో ఒకరు కిటికీలు తీస్తారు. మీరు కట్టే తక్కువ అద్దె వెనక ఉన్న ఆర్థికశాస్త్రం చాలావరకు ఇదే. అది లాభం కోసం పెట్టిన ధర కంటే ఇల్లు నిలబెట్టుకోవడానికి పెట్టిన ధర.

గని పోతే పోయింది, టూరిజం వస్తుంది అని అధికారులు, కన్సల్టెంట్లు చెప్పే మాట నాకు అందుకే మింగుడు పడదు. లెక్క వేసి చూడండి. పూల సీజన్ మంచి వానలు పడిన ఏడాది ఆరేడు వారాలు. డిసెంబరు, జనవరిలో స్కూలు సెలవులు, ఈస్టర్‌కి కొన్ని రోజులు, చేపలు పట్టేవాళ్లు అడపాదడపా. మిగతా రోజులు ఇల్లు ఖాళీ. గనిలో ఒక మనిషికి నెలనెలా జీతం, వైద్యం, పిల్లల చదువు వచ్చేవి. అద్దె ఇంటి మీద బతికేది శుభ్రం చేసే ఒక మనిషి, అదీ అతిథి వచ్చిన రోజుకి మాత్రమే. ఇళ్ల యజమానికి అద్దె వస్తుంది, ఆ యజమాని ఎక్కడుంటే డబ్బు అక్కడికి పోతుంది. టూరిజం వద్దని కాదు, గనికి బదులుగా దాన్ని చూపిస్తేనే తంటా.

ఇప్పుడు ఆ తీరం సంగతికి వద్దాం, ఎందుకంటే జనం వెళ్లేది దాని కోసమే.

నమక్వాలాండ్ సక్యులెంట్ కరూ అనే ప్రాంతంలో భాగం. ఆకుల్లో నీళ్లు దాచుకునే మొక్కలు ఇంత వైవిధ్యంగా ఉండే ఎడారి ప్రపంచంలో ఇంకోటి లేదు. మొత్తం ఆరు వేలకు పైగా మొక్కల జాతులుంటే అందులో దాదాపు నలభై శాతం వేరే ఎక్కడా కనబడవు. వాన చలికాలంలో పడుతుంది, అంటే మే నుంచి ఆగస్టు దాకా. తీరానికి ఆనుకుని బెంగ్వేలా అనే చల్లటి ప్రవాహం పోతుంది కాబట్టి పొగమంచు తరచుగా కమ్ముతుంది, వాన పడని నెలల్లో చాలా మొక్కలు దాని తేమతోనే గట్టెక్కుతాయి. చలికాలపు వాన సరిగ్గా పడితే ఆగస్టు కల్లా నేల మీద నారింజ, తెలుపు, పసుపు డైసీలు దుప్పటి పరిచేస్తాయి. వాన సరిగ్గా పడకపోతే పూలు అంతంతమాత్రమే, డబ్బు తిరిగి ఇవ్వమంటే ఇచ్చేవాళ్లూ ఉండరు. 2015 తర్వాత కొన్నేళ్లు ఈ ప్రాంతం కరువుతో అల్లాడింది.

అయితే ఈ తీరం ఎందుకు ఇంకా అడవిగా ఉంది? కేప్‌టౌన్‌కి దగ్గర్లోని పడమటి తీరంలో బంగళాలు, రిసార్టులు వరస కట్టాయి కదా, ఇక్కడ ఎందుకు కట్టలేదు? దూరం ఒక కారణం, నీళ్లు లేకపోవడం ఇంకో కారణం. పెద్ద కారణం మాత్రం కంపెనీ గేటే. ఎనభై ఏళ్లపాటు ఎవరినీ రానివ్వకపోవడం వల్ల ఎవరూ ఏమీ కట్టలేదు. గని తవ్వని చోట మొక్కలు, సీళ్లు అనే సముద్ర జంతువులు, పక్షులు ఆ కాపలా నీడలో బతికిపోయాయి. గని తవ్విన చోట మాత్రం కిలోమీటర్ల కొద్దీ నేల తలకిందులైంది. అదే గేటు ఒక పక్క అడవిని కాపాడింది, ఇంకో పక్క తవ్వకాన్ని ఎవరి కంటా పడకుండా దాచింది. క్లైన్‌జీ నుంచి దక్షిణంగా కోయింగ్‌నాస్ వైపు వెళుతుంటే ఈ రెండూ పక్కపక్కనే కనబడతాయి. రోడ్డుకి ఒకవైపు ముట్టుకోని పొదలు, ఇంకోవైపు తెల్లటి మట్టి గుట్టలు, వాటి మధ్య పారేసిన పాత గుంటలు.

ఆ గుట్టల మీద అడ్డంగా వరసలు వరసలుగా పరదాలు కట్టి ఉంటాయి, మోకాలెత్తు కర్రలకి బిగించిన వల గుడ్డ. తోటల్లో నీడ కోసం వాడే గ్రీన్ నెట్ లాంటిదే. దక్షిణపు గాలి ఇక్కడ ఎండాకాలమంతా హోరుమని వీస్తుంది. తవ్వి పోసిన వదులు ఇసుకని లేపి పక్కనున్న మంచి నేల మీద పోస్తుంది, ఆ ఇసుక తాకిడికి అక్కడి మొక్కలూ చస్తాయి, అప్పుడు ఆ నేల కూడా వదులైపోతుంది. అలా గని ఆగిపోయినా పాడవడం ఆగదు. పరదా గాలిని కాస్త ఆపితే దాని వెనక విత్తనం నిలదొక్కుకుంటుంది. పైమట్టి దాచిపెట్టి తిరిగి పరచడం, నర్సరీ మొక్కలు నాటడం, ఇవన్నీ చేస్తున్నారు గానీ, ఏడాదికి ఆ కాస్త వానతో ఒక పొద పెరగడానికి ఎన్నేళ్లు పడుతుందో ఊహించుకోండి. ఫొటోకి అడ్డం వస్తున్నాయని ఆ వలల్ని తొక్కుకుంటూ, బండి పోనిస్తూ వెళ్లేవాళ్లుంటారు. దయచేసి ఆ పని చేయకండి.

దక్షిణాన గ్రూన్ నదికీ స్పూగ్ నదికీ మధ్య తీరం ఇప్పుడు నమక్వా నేషనల్ పార్కులో భాగం. అందులో సముద్రం పక్కనే క్యాంపింగ్ స్థలాలు ఉన్నాయి, నీటి సదుపాయం లేదు, అన్నీ మోసుకెళ్లాలి, నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే ఫోర్‌బైఫోర్ బండి కావాలి. టెంట్ జీవితం పడనివాళ్లకి క్లైన్‌జీలోనో కోయింగ్‌నాస్‌లోనో ఇల్లు తీసుకుని పగటిపూట తీరం చూసి రావడమే మార్గం. ఆ రెండూ గని ఊళ్లే, రెండింటిలోనూ పాత ఇళ్లే అద్దెకి దొరుకుతాయి.

క్లైన్‌జీ దగ్గర్లో కేప్ ఫర్ సీళ్ల కాలనీ ఉంది, దక్షిణాఫ్రికాలో అతి పెద్దవాటిల్లో ఒకటి. నవంబరు, డిసెంబరుల్లో పిల్లలు పుట్టే సమయం, అరుపులు మేక మందలా ఉంటాయి, వాసన అరమైలు ముందే పలకరిస్తుంది. ఒక హెచ్చరిక: 2024లో ఈ దేశపు తీరంలో సీళ్లకి రేబిస్ సోకినట్టు నిర్ధారణ అయింది. ముద్దుగా ఉందని పిల్ల సీల్ దగ్గరికి వెళ్లడం, దాని మీదికి కుక్కని వదలడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. దక్షిణంగా వెళితే ఓడల శిథిలాలు కూడా ఉన్నాయి, 1943లో ఒడ్డుకి కొట్టుకొచ్చిన బ్రెజిల్ నౌక పిరాతిని వాటిల్లో పేరున్నది. ఆ దారి గని భూముల్లోంచి పోతుంది కాబట్టి ఎవరికి చెప్పాలో, పర్మిట్ కావాలో ఊళ్లో కనుక్కోకుండా బయల్దేరకూడదు. బీచ్ ఇసుక మీద సరదాకి బండి నడపడం 2001 డిసెంబరులో వచ్చిన నిబంధనలతో దేశమంతా నిషేధం, ఎవరూ చూడట్లేదు కదా అనుకోవద్దు.

ఇక అద్దె ప్రకటనల్లో అస్సలు కనబడని భాగం. పెద్ద కంపెనీ వెళ్లిపోయాక, గని భూముల్లో మిగిలిన వజ్రాల కోసం దొంగచాటుగా తవ్వేవాళ్లు వచ్చారు, జామా జామాలు అంటారు వాళ్లని. పారలు, సుత్తులు పట్టుకుని పాత గుంటల గోడల్లోకి సొరంగాలు తవ్వుతారు, ఇసుక నేల కాబట్టి ఎప్పుడు కూలుతుందో తెలియదు. 2012 మేలో క్లైన్‌జీ దగ్గర బొంటెకూలో అలా తవ్వుతుంటే మట్టి విరిగిపడి పదిమంది దాకా చచ్చిపోయారు. 2023 చివర్లో దేశవ్యాప్తంగా మొదలైన ‘వాలా ఉంగోది’ అనే ఆపరేషన్‌లో పోలీసులు, సైన్యం ఈ తీరం మీద కూడా దాడులు చేశారు. వీళ్లలో పొరుగు దేశాలవాళ్లున్నారు, గని మూతపడి పని పోయిన చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ ఉన్నారు. కొమాగాస్ ఊరి జనం అయితే అసలు ఈ నేల కంపెనీ రాకముందు మాదే, మాకు తిరిగివ్వండి అని ఎప్పటి నుంచో అడుగుతున్నారు. ఉత్తరాన రిచ్టర్స్‌వెల్డ్ ప్రజలు ఇలాగే అలెగ్జాండర్ బే ప్రభుత్వ గని మీద కేసు వేసి 2003లో రాజ్యాంగ న్యాయస్థానంలో గెలిచారు, కాబట్టి కొమాగాస్ వాళ్ల మాట గాల్లో మాట కాదు. టూరిస్టుకి దీనివల్ల ప్రమాదమా అంటే, ఊళ్లో ఇంట్లో ఉంటే ఆ గొడవతో పని పడదు. గని భూముల్లోకి దారి తప్పకుండా ఉండటం, చీకటి పడ్డాక కంకర రోడ్ల మీద తిరగకుండా ఉండటం చాలు. వజ్రం అమ్ముతాం అంటూ ఎవరైనా పక్కకి పిలిస్తే మాత్రం మారుమాట లేకుండా వచ్చెయ్యండి. అది గాజు ముక్కయితే డబ్బు పోతుంది, నిజమైనదైతే జైలు.

ఆరెంజ్ నదికి అవతల, నమీబియాలో, ఒరాన్యెముండ్ కూడా వజ్రాల కంపెనీ ఊరే. అక్కడ తేడా ఏంటంటే గని ఇంకా నడుస్తోంది. 2022లో ఆగిపోవాల్సిన ఒడ్డు గనుల ఆయుష్షు ప్రభుత్వం రాయల్టీ తగ్గించడంతో 2042 దాకా సాగేలా పెరిగింది. 2011లో దాన్ని ఊరిగా ప్రకటించారు, 2017లో పర్మిట్ లేకుండా ఎవరైనా రావచ్చన్నారు. వీధుల్లో గెమ్స్‌బాక్ జింకలు పచ్చిక మేస్తూ తిరుగుతాయి. 2008లో ఆ గనిలో తవ్వుతుంటే 1533లో మునిగిపోయిన పోర్చుగీసు ఓడ బంగారు నాణాలతో సహా బయటపడింది. ఇండియాకి బయల్దేరిన ఓడ అది, చేరలేదు. ఒరాన్యెముండ్‌కి ఇరవై ఏళ్ల టైము చేతిలో ఉంది, ఊరిని ఇంకో పనికి అలవాటు చేసుకోవడానికి. క్లైన్‌జీకి ఆ వ్యవధి దొరకలేదు, ముందు మూత పడింది, తర్వాత ఆలోచన మొదలైంది. అక్కడ వీధుల్లో ఖాళీ ఇళ్లు కనబడటానికి ప్రజల బద్ధకమో మున్సిపాలిటీ చేతకానితనమో కారణం అనుకునేవాళ్లు ఈ ఒక్క తేడా చూస్తే చాలు.

వెళ్లాలనుకునేవాళ్లకి ఇంకో రెండు మాటలు. కిరాణా, పెట్రోలు, మందులు స్ప్రింగ్‌బాక్‌లోనే నింపుకోండి, ఒంట్లో బాగోకపోతే చివరికి వెళ్లాల్సింది కూడా అక్కడికే. డ్రైవింగ్ మనలాగే ఎడమ పక్కన, అదొక సుఖం. కంకర రోడ్డు తగిలితే టైరు గాలి కాస్త తగ్గించి, స్పీడు ఇంకా ఎక్కువ తగ్గించి నడపండి. పూలు ఎండ వస్తేనే విచ్చుకుంటాయి, పొద్దున పది దాటేదాకా ముడుచుకునే ఉంటాయి, సూర్యుడి వైపే తిరిగి ఉంటాయి కాబట్టి ఎండ మన వీపు మీద పడేలా వెళితే ముఖాలు కనబడతాయి. పొగమంచు ఉన్న రోజు తీరంలో ఏమీ కనబడదు, ఆ రోజు లోపలి కొండల వైపు వెళ్లడం తెలివైన పని. సముద్రం చూడ్డానికే, దిగితే ఎముకలు కొరికే చలి. లాబ్‌స్టర్ పట్టాలన్నా చేపలు పట్టాలన్నా పర్మిట్ తీసుకోవాలి.

బుక్ చేసేటప్పుడు నీళ్ల ట్యాంకు, కరెంటు పోతే ఏర్పాటు, గ్యాస్ పొయ్యి గురించి అడగండి. దాంతోపాటు ఇల్లు ఎవరిదో, ఊళ్లో ఉండేవాళ్లదా కాదా అని కూడా అడగండి. ఊళ్లోవాళ్లదైతే నాలుగు రాండ్లు ఎక్కువైనా అదే తీసుకోండి. పైసలు అక్కడే తిరగడం ఒక లాభం. గనిలో పనిచేసిన మనిషి ఎదురుగా ఉంటే, ఏ గేటు దాటి వెళ్లొచ్చు, ఏ గుంట అంచున నిలబడకూడదు అన్నది మ్యాపు కంటే ఆయనే బాగా చెబుతాడు.